ఆషాఢంలో డెక్క, శ్రావణంలో నడక

ఆషాఢం వచ్చింది. ముహూర్తాలు లేవు. జగిత్యాలలో, కోరుట్లలో, సిరిసిల్లలో బ్యాండుమేళం వాళ్లు డప్పులు, బాకాలు తుడిచి పక్కన పెట్టుకున్నారు. ఫంక్షన్ హాళ్ల గేట్లకు తాళాలు పడ్డాయి. వాళ్లతోపాటు ఇంకొక జీవికి కూడా సెలవు దొరికింది. అది బారాత్ గుర్రం. పెండ్లికొడుకును వీపు మీద కూర్చోబెట్టుకొని వీధి వీధి తిరిగే గుర్రం. ఈ పూట దాని డెక్కల గురించి మాట్లాడుకుందాం. వానాకాలంలో ఆ డెక్కలు మెత్తబడతాయి. అంచులు చిట్లుతాయి. పొడిపొడిగా రాలిపోతాయి. అలా ఎందుకు అవుతుంది, ఈ నెల రోజుల్లో మనం ఏం చేయగలం అన్నదే నేటి మాట.

గుర్రాలు పెంచుకునే అన్నలు, తమ్ముళ్లు ఈ మాట తప్పకుండా వినాలి. ఇంట్లో పెండ్లి పెట్టుకున్నవాళ్లు కూడా వినాలి. వాళ్లకు చెప్పాల్సింది చివర్లో చెబుతాను, దయచేసి రేడియో కట్టేయకండి.

ముందు డెక్క అంటే ఏమిటో చూద్దాం. డెక్క అంటే గోరే. గుర్రానికి ఒక్కో కాలికి ఒకటే వేలు. ఆ ఒక్క వేలికి ఒకటే గోరు. మూడు నాలుగు క్వింటాళ్ల బరువు, దాని మీద పెండ్లికొడుకు, జీను, జరీ బట్టలు, ఆ మొత్తం భారం నాలుగు గోళ్ల మీదే నిలబడుతుంది. అందుకే ఆ గోరు మందంగా, గట్టిగా, గోడలాగా చుట్టూ ఉంటుంది. కాలు ఎత్తి చూస్తే కింద అరికాలు కనిపిస్తుంది. అరికాలు మధ్యలో, మడమ వైపు నుంచి ముందుకు, మూడు మూలల మెత్తటి ముక్క ఒకటి ఉంటుంది. దానికి అటూ ఇటూ రెండు లోతైన గాళ్లు ఉంటాయి. ఆ మెత్తటి ముక్కను, ఆ రెండు గాళ్లను గుర్తు పెట్టుకోండి. వానాకాలపు రోగం చాలావరకు అక్కడే మొదలవుతుంది.

ఈ గోరు నెలకు ఎంత పెరుగుతుంది? సుమారు ఒక సెంటీమీటరు. అంతకంటే కొంచెం తక్కువే అనుకోండి. డెక్క ముందు భాగం పైన వెంట్రుకల దగ్గర పుట్టి నేలను తాకేదాకా దాదాపు ఏడాది పడుతుంది. అంటే మీ గుర్రం ఈ రోజు నేల మీద మోపుతున్న అంచు పోయిన ఆషాఢంలో పుట్టింది. అప్పుడు మీరు దానికి ఏం తినిపించారో, ఎలా చూసుకున్నారో, అదంతా ఈ రోజు ఆ అంచులో ఉంది. ఇంకో మాట. ఈ రోజు మీరు చేసే మేలు ఆ అంచు దాకా రావడానికి మళ్లీ ఏడాది పడుతుంది. డెక్క విషయంలో తొందరపడితే కుదరదు. ఓపిక పడితేనే ఫలితం.

ఇక తడి సంగతి. నాటు వేసే అక్కలకు ఈ బాధ నేను చెప్పక్కర్లేదు. పొద్దంతా మడిలో కాళ్లు నానితే వేళ్ల సందుల్లో తోలు తెల్లబడుతుంది, పగులుతుంది, మంట పుడుతుంది. ఇంటికొచ్చి కాళ్లు కడుక్కొని, తుడుచుకొని, కాసేపు ఆరబెట్టుకుంటే తెల్లారేసరికి కొంచెం నయమవుతుంది. గుర్రం డెక్కకు కూడా సరిగ్గా ఇదే జరుగుతుంది. తేడా ఒక్కటే. గుర్రం తన కాళ్లు తాను తుడుచుకోలేదు.

డెక్క నీళ్లు పీలిస్తే ఉబ్బి మెత్తబడుతుంది. ఎండ కాస్తే బిగుసుకుంటుంది. మళ్లీ వాన, మళ్లీ ఎండ. మన దగ్గర ఏడాది వానలో ఎక్కువ భాగం జూన్ నుంచి సెప్టెంబరు దాకానే కురుస్తుంది. ఆ నాలుగు నెలలు డెక్క ఇలా ఉబ్బుతూ, బిగుస్తూ ఉంటుంది. ఆ రాకపోకల్లోనే దానికి పగుళ్లు పుడతాయి. డెక్క కింద ఇనుప నాలను పట్టి ఉంచే మేకులు ఆ పగుళ్లలో వదులవుతాయి. మేకు చుట్టూ గోరు పెళుసుబారి ముక్కలుగా రాలుతుంది. అయినా ఒక్క మాట గట్టిగా చెబుతాను, మళ్లీ మళ్లీ చెబుతాను. గుర్రం ఒక్కసారి వానలో తడిసినంత మాత్రాన డెక్క పాడవదు. తడిసిన డెక్క ఆరకపోతే పాడవుతుంది. ఒక గంట వానలో నడిచి వచ్చి రాత్రంతా పొడి నేల మీద నిలబడిన గుర్రానికి ఏమీ కాదు. వానలోకి అసలు పోకుండా, కొట్టంలో తన పేడలో, తన ఉచ్చలో రాత్రంతా నిలబడిన గుర్రానికి డెక్క కుళ్లుతుంది.

ఇది కొత్తగా కనిపెట్టిన సంగతి కాదు. సుమారు 2400 ఏళ్ల కిందట గ్రీసు దేశంలో జెనోఫోన్ అనే ఆయన గుర్రాల పెంపకం మీద ఒక పుస్తకం రాశాడు. ఆయన సైన్యంలో గుర్రం మీద తిరిగినవాడు. తడిగా, నున్నగా ఉండే నేల పుట్టుకతో మంచివైన డెక్కలను కూడా పాడు చేస్తుందని ఆయన రాశాడు. నీళ్లు జారిపోయేలా నేల వాలుగా ఉండాలన్నాడు. కొట్టం నేలలో డెక్కంత పరిమాణం ఉన్న రాళ్లు పరవమన్నాడు. మన తెలుగులోనూ గుర్రాల గురించి మనుమంచి భట్టు కొన్ని వందల ఏళ్ల కిందటే హయలక్షణ విలాసం రాశాడు. గుర్రం మన పెద్దలకు పద్యాలు రాసేంత ముఖ్యమైన జీవి. జగిత్యాల కోట కందకం పక్క నుంచి పోతుంటే నాకు ఎప్పుడూ ఒకటే అనిపిస్తుంది. ఈ కోట కట్టిన కాలంలో ఇక్కడ ఎన్ని గుర్రాలు ఉండేవో, వానాకాలంలో వాటి డెక్కలు చూసుకునే మనుషులు ఎంత మంది ఉండేవారో. తరువాత టాంగాలు వచ్చాయి, పోయాయి. టాంగాలతోపాటే నాలలు కొట్టే నాలబంద్‌లు కూడా చాలావరకు పోయారు. గుర్రాలు మాత్రం పెండ్లి ఊరేగింపుల్లో మిగిలాయి. చూసుకునే చేతులు తగ్గిపోయాయి కాబట్టి, ఆ పని ఇప్పుడు పెంచుకునేవాళ్లే నేర్చుకోవాలి.

మొదటి పని నిలబడే చోటు. మిగతా పనులన్నిటికంటే ఇది ముఖ్యం. మన నల్లరేగడి తడిస్తే ఎలా ఉంటుందో మీకు తెలుసు. చెప్పు వదిలేసి కాలు ఒక్కటే పైకి వస్తుంది. ఆ మట్టి డెక్క గాళ్లలో కూరుకుపోతే గాలి ఆడదు, ఆరదు. అందుకని గుర్రాన్ని కట్టేసే చోట ముందు మొరం పోయించండి. కొట్టం నేల చుట్టుపక్కల నేల కంటే ఒక జానెడు ఎత్తు ఉండాలి. ఒక పక్కకు వాలు ఉండాలి. నీళ్లు పోవడానికి కాలువ తవ్వండి. మొరం మీద ఇసుక పోస్తే ఇంకా మంచిది. అయితే ఇసుక మీద మేత పడేయకండి. గడ్డితోపాటు ఇసుక కూడా కడుపులోకి పోతే కడుపునొప్పి వస్తుంది. మేతకు వేరే తొట్టి పెట్టండి.

పడుకోవడానికి ఏం పరచాలి? మన జిల్లాల్లో రైస్ మిల్లులకు కొదవ లేదు కాబట్టి ఊక చౌకగా దొరుకుతుంది. కొన్ని గుర్రాలకు ఊక తినే అలవాటు ఉంటుంది. అలాంటి గుర్రానికి ఊక పరచొద్దు. సామిల్లు నుంచి రంపపు పొట్టు తెచ్చుకోండి. ఏది పరిచినా రోజూ పొద్దున, సాయంత్రం పేడ, తడిసిన పొట్టు తీసేయాలి. ఉచ్చ ఘాటు మన ముక్కుకు తగిలిందంటే అది డెక్కకు ఎప్పుడో తగిలినట్లే. ఆ ఘాటు గోరును మెత్తబరచి కొరుకుతుంది.

రెండో పని రోజూ కాలు ఎత్తి చూడటం. రోజూ అంటే రోజూ. ఒక చిన్న ఇనుప కొక్కెం చాలు, మొన మరీ పదును ఉండకూడదు. కాలు ఎత్తి, మడమ వైపు నుంచి ముందుకు గీస్తూ ఆ రెండు గాళ్లలోని మట్టి, రాళ్లు, పేడ తీసేయండి. మెత్తటి ముక్కను మాత్రం గుచ్చకండి. తరువాత గట్టి బ్రష్‌తో రుద్దండి. తరువాత పొడి గుడ్డతో తుడవండి. సిరిసిల్ల మగ్గాల ఊరు, పాత గుడ్డకు కరువు లేదు. తుడిచిన గుడ్డను మళ్లీ ఉతికి, ఎండబెట్టి వాడండి. కాళ్లు కడగడం తప్పు కాదు. కడిగి, తడితో అలాగే వదిలేయడం తప్పు. బారాత్‌కు ముందు గుర్రాన్ని తళతళా మెరిసేలా కడుగుతారు, మంచిదే. ఊరేగింపు ముగిసి, రాత్రి పన్నెండు గంటలకు ఇంటికి వచ్చాక కూడా ఆ డెక్కలు తుడవాలి. అలసిపోయి ఉంటారు, తెలుసు. అయినా తుడవండి.

కాలు ఎత్తినప్పుడు ముక్కు కూడా వాడండి. ఆరోగ్యంగా ఉన్న డెక్కకు మట్టి వాసన వస్తుంది. కుళ్లు మొదలైతే వేరే వాసన వస్తుంది. చెడిపోయిన కూర వాసన కంటే ఘాటు. ఆ గాళ్లలో నల్లటి, జిగటగా ఉండే ద్రవం కనిపిస్తుంది. మెత్తటి ముక్క చివికిపోయి, వేలితో నొక్కితే ఊడి వస్తుంది. దీనికి కారణం గాలి లేని చోట పెరిగే సూక్ష్మజీవులు. మురికి, తడి, గాలి ఆడని గాళ్లు, ఈ మూడూ కలిస్తే అవి హాయిగా పెరుగుతాయి. తొలి రోజుల్లో పట్టుకుంటే శుభ్రం చేసి, ఆరబెట్టి, పశువైద్యుడు చెప్పిన అయోడిన్ మందు పెడితే తగ్గుతుంది. చాలామంది పసుపు పెడతారు. కోరుట్ల, మెట్‌పల్లి దిక్కు పసుపు పండే నేల కదా, చేతికి ముందు పసుపే అందుతుంది. పెట్టుకోండి, కానీ లోపలి కుళ్లు తీయకుండా పైన పసుపు అద్దితే లోపల రోగం పెరుగుతూనే ఉంటుంది. ఇంకొందరు మెకానిక్ దగ్గర వాడిపడేసిన ఇంజిన్ ఆయిల్ తెచ్చి డెక్కలకు పూస్తారు. అది మాత్రం వద్దు. అది గోరుకు మేలు చేసేది కాదు, తడిని లోపల బంధించేది. తోలుకు తగిలితే పుండ్లు చేసేది. ఏ నూనె అయినా సరే, తడి డెక్క మీద పూయొద్దు. ముందు ఆరనివ్వండి.

మూడో పని నాల. ఇక్కడే మనం ఆషాఢం గురించి మాట్లాడుకోవాలి. నాల కొట్టాక ఆరు నుంచి ఎనిమిది వారాల్లో దాన్ని విప్పించి, గోరు చెక్కించి, మళ్లీ కొట్టించాలి. నాల కింద గోరు పెరుగుతూనే ఉంటుంది కదా. పెరిగిన గోరు పక్కకు వాలుతుంది, మేకులు వదులవుతాయి. మన దగ్గర ఎక్కువమంది నాల దానంతట అది ఊడిపోయేదాకా చూస్తారు. నాల ఒక్కటే ఊడదు. ఊడుతూ మెత్తబడిన గోరు ముక్కను కూడా పీక్కొని పోతుంది. తరువాత మేకు కొట్టడానికి చోటే మిగలదు. దాంతో నాలబంద్ పైకి, ఇంకా పైకి మేకు కొడతాడు. ఒక్కోసారి అది లోపలి ప్రాణమున్న కండకు తగులుతుంది. గుర్రం అక్కడే కుంటుతుంది.

అందుకే ఈ ఆషాఢాన్ని వదులుకోవద్దు అంటున్నాను. ఊరేగింపులు లేవు. సిమెంటు రోడ్డు మీద నడక లేదు. అంచులు చిట్లిపోతున్న గుర్రానికి ఈ నెల నాలలు విప్పించండి. తరువాత మంచి నాలబంద్‌తో డెక్క అంచును ఆకురాయితో గుండ్రంగా రాయించండి. అంచు పదునుగా ఉంటే రాయి తగిలిన చోటల్లా పెళ్ల విరుగుతుంది. గుండ్రంగా ఉంటే విరగదు. అరికాలు పలుచగా ఉన్న గుర్రానికి నాల విప్పొచ్చా లేదా అన్నది నాలబంద్‌ను, వైద్యుడిని అడిగే చేయండి. విప్పాక రోజూ పొడి మొరం మీద కొంచెం కొంచెం నడిపించండి. శ్రావణంలో మళ్లీ ముహూర్తాలు మొదలయ్యే నాటికి పాత మేకు రంధ్రాలు కొంచెం కిందికి దిగి ఉంటాయి. కొత్త మేకుకు గట్టి చోటు దొరుకుతుంది. శ్రావణం పోయాక భాద్రపదంలో మళ్లీ ముహూర్తాలు ఉండవు. అంటే వానాకాలంలోనే రెండుసార్లు డెక్కకు విశ్రాంతి దొరుకుతుంది. పంచాంగమే ఇచ్చిన సెలవు ఇది.

నాలుగో పని మేత. ముందే చెప్పాను, ఈ రోజు తిన్నది ఏడాదికి అంచు దాకా వస్తుంది. మన దగ్గర గుర్రానికి తవుడు బాగా పెడతారు. చౌక, తినడానికి ఇష్టం. కానీ తవుడులో భాస్వరం చాలా ఎక్కువ, కాల్షియం తక్కువ. తవుడే ప్రధాన మేత అయితే ఒంట్లోని ఎముకల నుంచి కాల్షియం కరిగిపోతుంది, ఎముకలు బలహీనపడతాయి. తవుడు పూర్తిగా మానేయమనడం లేదు. దాని వాటా తగ్గించండి. పచ్చగడ్డి, మంచి ఎండుగడ్డి, దొరికితే లూసర్న్ గడ్డి పెట్టండి. నానబెట్టిన శనగలు కొన్ని వేయండి. వరిగడ్డి ఒక్కటే పెట్టి మంచి డెక్క రావాలంటే రాదు. బయోటిన్ అనే విటమిన్ గురించి కూడా అడుగుతుంటారు. ఆస్ట్రియాలోని వియన్నాలో పేరున్న లిపిజానర్ గుర్రాలకు రోజుకు 20 మిల్లీగ్రాముల బయోటిన్ ఇచ్చి చూశారు. డెక్కలు మెరుగుపడ్డాయి, కానీ మార్పు కనిపించడానికి తొమ్మిది నెలలు పట్టింది. కాబట్టి వైద్యుడు రాస్తే వాడండి, నెల వాడి ఆపేయకండి. నెలకే ఆపితే డబ్బు దండగ.

డాక్టరు దగ్గరకు ఎప్పుడు పోవాలి? నిన్న బాగా నడిచిన గుర్రం ఈ రోజు పొద్దున ఒక కాలు అస్సలు మోపడం లేదు. ఆ డెక్క ముట్టుకుంటే వేడిగా ఉంది. చీలమండ దగ్గర చేయి పెడితే నాడి గట్టిగా కొట్టుకుంటోంది. ఇది లోపల చీము చేరిన గుర్తు. మెత్తబడిన డెక్క పగుళ్లలోంచి మురికి లోపలికి పోయి చీము పడుతుంది. ఇంట్లో కత్తి పెట్టి కోయకండి. చీము ఎటు నుంచి తీయాలో వైద్యుడికి తెలుసు. ఇంకొకటి, ధనుర్వాతం. జంతువులన్నిటిలోకీ గుర్రానికి ధనుర్వాతం చాలా సులువుగా వస్తుంది. తుప్పు మేకు గుచ్చుకుంటే, డెక్కలో పుండు పడితే, వచ్చే ప్రమాదం ఉంటుంది. టీకా ముందే వేయించి ఉంచుకోండి. గాయం అయ్యాక పరుగెత్తడం కంటే అది వెయ్యి రెట్లు నయం. కోరుట్లలో పశువైద్య కళాశాలే ఉంది. దూరం అనుకుంటే 1962 నంబరుకు ఫోన్ చేయండి. సంచార పశువైద్య వాహనం కోసం పెట్టిన నంబరు అది. మళ్లీ చెబుతున్నాను, 1962.

గుర్రాలు లేని రైతు సోదరులకు కూడా రెండు మాటలు. మీ ఎద్దులు, బర్రెలు, గొర్రెలు కూడా ఇదే వానలో, ఇదే బురదలో నిలబడుతున్నాయి. వేములవాడ రాజన్నకు మొక్కుగా కోడెను ఇచ్చే జనం మనం. మన వాకిట్లోని కోడె రెండు గిట్టల మధ్య పుండు పడి, పురుగు పట్టి కుంటుతుంటే చూస్తూ ఊరుకోలేం. అక్కడా ఇదే సూత్రం. పొడి నేల, రోజూ గిట్ట చూడటం. గొర్రెల మందలో కుంటు కనిపిస్తే కుంటేవాటిని వేరు చేయండి. 10 లీటర్ల నీళ్లలో ఒక కిలో జింక్ సల్ఫేట్ కలిపి ఆ నీళ్లలో గిట్టలు మునిగేలా కాసేపు నిలబెట్టండి. ఆ నీళ్లు తాగనివ్వకండి. బయటకు వచ్చాక బురదలోకి వదలకుండా పొడి నేల మీదే ఉంచండి. అలా ఉంచకపోతే మందు కొట్టుకుపోతుంది.

ఇప్పుడు పెండ్లివాళ్లకు. శ్రావణంలో మీ ఇంట్లో పెండ్లి ఉంది. గుర్రాన్ని మాట్లాడుకుంటారు. మాట్లాడుకునేటప్పుడు దాని జూలు, రంగు చూస్తారు. ఈసారి ఒక్క పని చేయండి. ఒక కాలు ఎత్తి చూపించమని యజమానిని అడగండి. అడగడం తప్పు కాదు. మంచి యజమాని సంతోషంగా చూపిస్తాడు. వాసన వస్తే, అంచులు రాలుతుంటే, నాల వదులుగా ఉంటే, గుర్రం కుంటుతుంటే, ఆ గుర్రాన్ని మాట్లాడుకోకండి. ఇంకొక గుర్రం చూడండి, లేదా కారులో ఊరేగించండి. పెండ్లికొడుకును కుంటే గుర్రం మీద ఎక్కించడం ఏ ఇంటికీ మంచిది కాదు.

ఊరేగింపు రోజున వాన వస్తే బ్యాండు ఆగుతుంది, జనం షామియానా కిందికి పోతారు. గుర్రాన్ని బురదలో వదిలేసి పోకండి. దానికి కూడా పందిరి కిందనో, సజ్జ కిందనో ఒక పొడి చోటు చూపించండి. డీజే పెట్టెల పక్కన గంటల కొద్దీ నిలబెట్టకండి. తాగేందుకు బకెట్ నీళ్లు పెట్టండి.

మీ ప్రేమ కొద్దీ అన్నం, బూందీ, లడ్డూ, పూరీ దాని నోట్లో పెట్టకండి. పిల్లలకు కూడా చెప్పండి. ఒక్కసారిగా ఎక్కువ తీపి, ఎక్కువ గింజ, ఎక్కువ అన్నం తిన్న గుర్రానికి పొట్టలో పులుపు పుట్టి, ఆ విషం డెక్కల దాకా పోతుంది. డెక్క లోపల ఎముకను, గోరు గోడను కలిపి పట్టుకునే సన్నటి పొరలు ఉంటాయి. అవి వాచిపోతాయి. గుర్రం ముందు కాళ్లు ముందుకు చాచి, బరువంతా వెనక్కి వేసి నిలబడుతుంది, అడుగు వేయమంటే వేయదు. రెండు ముందు డెక్కలూ వేడెక్కి ఉంటాయి. ఆ పొరలు తెగితే లోపలి ఎముక కిందికి తిరిగిపోతుంది. ఆ తరువాత ఆ గుర్రం ఏ పెండ్లికీ నడవలేదు. దానికి ఏదైనా పెట్టాలని ఉంటే యజమానిని అడిగి ఒక గుప్పెడు గడ్డి పెట్టండి.

ఊరేగింపు అయిపోయాక డబ్బులు చేతిలో పెట్టి పంపించే ముందు, గుర్రం కాళ్లు తుడవడానికి ఒక పొడి గుడ్డ, కడగడానికి ఒక బకెట్ నీళ్లు యజమానికి ఇవ్వండి. ఆయనకు అక్కడే పది నిమిషాల వెసులుబాటు ఇవ్వండి. డెక్కల్లో కూరుకున్న రోడ్డు మట్టిని, పటాకుల కాగితాలను, పగిలిన గాజు ముక్కలను ఆ పది నిమిషాల్లో తీసేస్తాడు.